ఆకాశం మీదుగా అరగొండకు

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని అరగొండకు, చెన్నై గ్రీమ్స్ రోడ్డు దగ్గరున్న అపోలో ఆసుపత్రికి మధ్య రోడ్డు ప్రయాణం కొన్ని గంటల పని. 2000 సంవత్సరంలో ఆ రెంటి మధ్యా ఇంకో దారి పడింది. ఊళ్లోని ఆసుపత్రి దగ్గర బిగించిన చిన్న డిష్ యాంటెన్నా నుంచి సంకేతం బయలుదేరి, భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహాన్ని తాకి, నగరంలోని స్పెషలిస్టు డాక్టరు ముందున్న తెర మీద దిగేది. అపోలో వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి పుట్టిన ఊరు అరగొండ. అక్కడి టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న, హైదరాబాద్ పర్యటనలో ఉన్న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. మరుసటి ఏడాది ఇస్రో తన టెలిమెడిసిన్ ప్రయోగాన్ని మొదలుపెట్టినప్పుడు మొదట కలిపిన జంట కూడా చెన్నై, అరగొండలే.

ప్రారంభోత్సవాల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. అంతకు ముందు మేడ మీద ఎండలో నిలబడి, స్పానర్ పట్టుకుని, డిష్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపినవాళ్ల ఫొటోలు రావు. సామాను బిగించిన రోజు నుంచి ‘ఇక వాడుకోవచ్చు’ అని కాగితం మీద సంతకం పడే రోజు దాకా జరిగే ఆ పనిని ఈ రంగంలో టెస్టింగ్, కమిషనింగ్ అంటారు. ఉపగ్రహ సమాచార వ్యవస్థలో నమ్మకం పుట్టేది అక్కడే. యంత్రం ఎంత ఖరీదైనదైనా, దాన్ని పరీక్షించిన మనిషి ఓపిక తక్కువైతే అవసరమైన వేళకు అది పలకదు. ఒకవేళ పలికినా, ఆకాశంలో పక్కవాడి మాటకు అడ్డుపడుతుంది.

చెన్నైలో ఈ పని ఎలా జరుగుతుందో చూడాలంటే, ముందు ఆ నగరం నుంచి ఉపగ్రహం ఎక్కడ కనిపిస్తుందో తెలియాలి. 2020 జనవరి 17న వెళ్లిన జీశాట్-30 లాంటి సమాచార ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటాయి. చెన్నై 80 డిగ్రీల రేఖాంశానికి కాస్త తూర్పున, 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లెక్కగడితే అక్కడి డిష్ నిట్టనిలువుకు దగ్గరగా, నేల నుంచి సుమారు 74 డిగ్రీల ఎత్తుకు చూడాలి. దిక్కు అచ్చమైన దక్షిణం నుంచి పన్నెండు డిగ్రీలు తూర్పుకు. అదే ఉపగ్రహం కోసం ఢిల్లీలో డిష్ దాదాపు 56 డిగ్రీల ఎత్తుకే చూస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం చెన్నైకి కలిసొచ్చిన సంగతి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా చూపుకు అంత సులువుగా అడ్డుపడవు. సంకేతం వానమబ్బును ఏటవాలుగా చాలా దూరం చీల్చుకుని పోనక్కర్లేదు.

అయితే ఆ ఎత్తుతో ఒక చిక్కు. అంత పైకి చూస్తున్న డిష్, వెల్లకిలా పెట్టిన పళ్లెంలా వాననీటిని నిలుపుకుంటుంది. అందుకే అడుగున నీరు కారిపోయే రంధ్రం ఉందా, అది పెయింటుతోనో ఆకులతోనో మూసుకుపోయిందా అన్నది చెన్నైలో చూసి తీరాల్సిన విషయం. పెద్ద భూకేంద్రాల్లో, డిష్ కూడగట్టిన సంకేతాన్ని అందుకునే ఫీడ్ హార్న్ మూతి ఆకాశం వైపే ఉంటుంది. దాని పలుచని పొర మీద నీరు నిలిస్తే సంకేతం తగ్గుతుంది. దాన్ని ఊది ఆరబెట్టడానికి బ్లోయర్ పెడతారు. బ్లోయర్ పనిచేస్తోందో లేదో చూడటం కూడా పరీక్షే. పరీక్షల జాబితాలో ఇలాంటి చిన్న విషయాల కోసం ఒక గడి కేటాయించినవాడు అనుభవజ్ఞుడని అర్థం.

స్థలం చూడటంతోనే పని మొదలవుతుంది. చూపుకు చెట్టు అడ్డొస్తుందా, రెండేళ్లలో పక్కన ఇంకో అంతస్తు లేస్తుందా, గాలివానకు పునాది ఆగుతుందా అన్నవి పాత ప్రశ్నలు. ఈ మధ్య కొత్తగా ఒకటి చేరింది. 2022 వేలంలో 5జీ సేవల కోసం టెలికాం కంపెనీలు కొన్న మధ్యస్థ స్పెక్ట్రమ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ మధ్యది. ఉపగ్రహం నుంచి సీ-బ్యాండ్‌లో దిగివచ్చే సంకేతాలు దానికి ఆనుకునే ఉంటాయి. 36 వేల కిలోమీటర్లు ప్రయాణించి నీరసించిన సంకేతాన్ని వినడానికి చెవులు రిక్కించిన రిసీవర్‌కు, పక్క వీధి టవర్ నుంచి వచ్చే 5జీ సంకేతం చెవులు గింగురుమనిపించే హోరు. కాబట్టి ఇప్పుడు సైట్ సర్వేలో స్పెక్ట్రమ్ అనలైజర్ తెచ్చి చుట్టూ గాలిలో ఏముందో కొలుస్తారు. అవసరమైతే పక్క తరంగాలను ఆపే ఫిల్టర్‌ను రిసీవర్ ముందు బిగిస్తారు. కేబుల్ టీవీ ఆపరేటర్లకు కూడా ఇది ఇప్పుడు తెలిసిన బాధే.

తర్వాత గురిపెట్టడం. 1.8 మీటర్ల వెడల్పున్న చిన్న డిష్, అంటే బ్యాంకులు, ఏటీఎంల మీద కనిపించే వీశాట్ తరహాది, కేయూ-బ్యాండ్‌లో సుమారు ఒక డిగ్రీ వెడల్పున్న సన్నటి కిరణంగా చూస్తుంది. 11 మీటర్ల పెద్ద యాంటెన్నా కిరణం సీ-బ్యాండ్‌లో డిగ్రీలో మూడో వంతే. అంత దూరంలో డిగ్రీలో పదో వంతు తప్పితే ఉపగ్రహం దగ్గర 60 కిలోమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. చెన్నై లాంటి చోట ఇంకో విశేషం. డిష్ ఎంత నిటారుగా చూస్తే, పక్కలకు తిప్పడంలో జరిగిన పొరపాటు ప్రభావం అంత తగ్గుతుంది. 74 డిగ్రీల ఎత్తులో దిక్కు ఒక డిగ్రీ తప్పితే అసలు గురి తప్పేది పావు డిగ్రీ పైచిలుకే. ఎత్తు తప్పితే మాత్రం మాఫీ లేదు. తప్పినంతా తప్పినట్టే.

దిక్సూచి, కోణమాని పట్టుకుని సుమారుగా గురిపెట్టాక ఉపగ్రహం నుంచి నిరంతరం వచ్చే బీకన్ సంకేతం కోసం వెతుకుతారు. స్పెక్ట్రమ్ అనలైజర్ తెర మీద నేలబారు రొదలోంచి ఒక సన్నటి గీత లేస్తుంది. అది మరింత లేచేలా డిష్‌ను మెల్లగా జరపడాన్ని ‘పీక్ చేయడం’ అంటారు. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు. ప్రతి యాంటెన్నాకూ ప్రధాన కిరణంతో పాటు పక్కన చిన్న చిన్న కిరణాలు, సైడ్‌లోబ్‌లు ఉంటాయి. వాటిలో ఒకదాని మీద సంకేతం చిక్కినా గీత లేస్తుంది, ఎటు జరిపినా తగ్గుతుంది. పీక్ దొరికిందని సంబరపడి బోల్టులు బిగించేస్తారు. రావాల్సిన స్థాయి ఎంతో ముందే లెక్కగట్టి ఉంచుకున్నవాడు మాత్రం అంకె చూసి, ఇది అసలుది కాదని పట్టేస్తాడు. లెక్కకూ కొలతకూ తేడా ఎందుకొచ్చిందని అడగడమే ఈ వృత్తిలో సగం విద్య.

ఇంతవరకూ వినడమే. అసలు గండం మాట్లాడటంలో ఉంది.

ఉపగ్రహంలో సంకేతాన్ని అందుకుని, బలపరిచి, తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్‌ను చాలామంది పంచుకుంటారు. ఒకే ఫ్రీక్వెన్సీని రెండుసార్లు వాడుకోవడం కోసం తరంగాలను కొన్నిటిని నిలువుగా, కొన్నిటిని అడ్డంగా కంపించేలా పంపుతారు. దీన్నే పోలరైజేషన్ అంటారు. భూమి గుండ్రంగా ఉండటంతో, ఉపగ్రహం మన నడినెత్తి రేఖకు పక్కన ఉండటంతో, మనకు నిలువు అనిపించేది దానికి నిలువు కాదు. చెన్నైలో 83 డిగ్రీల ఉపగ్రహానికి ఫీడ్‌ను సుమారు పదకొండున్నర డిగ్రీలు తిప్పి పెట్టాలి. ఆ తిప్పడంలో తేడా వస్తే మన నిలువు సంకేతం కొంత అడ్డంగా కారి, అదే ఫ్రీక్వెన్సీలో అటువైపు మాట్లాడుతున్న ఎవరో తెలియనివాడి లింకును చెడగొడుతుంది. అది ఏ టీవీ చానెలో, ఏ బ్యాంకో, ఏ విపత్తు నిర్వహణ కార్యాలయమో.

అందుకే కొత్త స్టేషన్ తన ఇష్టం వచ్చినప్పుడు ఆకాశంలోకి సంకేతం పంపకూడదు. వైర్‌లెస్ లైసెన్సులు, సైట్ అనుమతులు చేతికొచ్చాక, టెలికాం శాఖ కింద ఢిల్లీలో ఏర్పడిన నెట్‌వర్క్ ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ లాంటి పర్యవేక్షక వ్యవస్థతో సమయం కుదుర్చుకుని అప్‌లింక్ పరీక్ష చేయాలి. యాంటెన్నా రకానికి పనితీరు నిర్ధారణ పరీక్ష వేరే ఉంటుంది. అనుకున్న వేళకు మేడ మీది టెక్నీషియన్ ఫోనులో ఉంటాడు. కంట్రోల్ రూమ్ చెప్పిన ఫ్రీక్వెన్సీలో ఏ సమాచారమూ లేని శుద్ధమైన క్యారియర్ ఒకటి, అతి తక్కువ శక్తితో పంపుతాడు. అవతలి వాళ్లు అదే ఫ్రీక్వెన్సీలో ఎదురు పోలరైజేషన్‌లో ఎంత కారుతోందో చూస్తారు. “కొంచెం కుడికి తిప్పండి. ఇంకొంచెం. ఆగండి, వెనక్కి రండి.” కారేది అసలు సంకేతంలో వెయ్యో వంతుకు, వీళ్ల లెక్కలో 30 డెసిబెల్‌కు, తగ్గే దాకా ఆ సంభాషణ సాగుతుంది. చేతి కదలికకు ఫలితం సెకనులో నాలుగో వంతు ఆలస్యంగా తెలుస్తుంది. పైకి వెళ్లి కిందికి రావడానికి కాంతి వేగానికి కూడా అంత సమయం పడుతుంది మరి.

శక్తి పెంచడం మెట్టుమెట్టుగానే జరుగుతుంది. గట్టిగా అరిస్తే బాగా వినబడుతుందన్న లోకజ్ఞానం ఇక్కడ చెల్లదు. ట్రాన్స్‌పాండర్‌లోని యాంప్లిఫయర్‌కు ఉన్న శక్తి అందరిదీ. ఒకడు తన వాటాకు మించి పంపితే మిగతావాళ్ల సంకేతాలు నీరసిస్తాయి, అన్నీ కలగలిసి లేని ఫ్రీక్వెన్సీల్లో కూడా రొద పుడుతుంది. భూమ్మీది యాంప్లిఫయర్‌ను కూడా దాని పరిమితి అంచుదాకా తోస్తే అదే తంతు. ఆ అంచు ఎక్కడుందో కొలిచి, దానికి కొన్ని డెసిబెల్ కింద పని స్థాయిని నిర్ణయించి, ఆ అంకెను రిపోర్టులో రాస్తారు. తర్వాత ఎవరైనా ఆ నాబ్ తిప్పితే ఎంత తిప్పారో తెలిసేది ఆ కాగితం వల్లే.

ఆ పైన లూప్ పరీక్షలు. మోడెమ్ నుంచి బయలుదేరిన సంకేతాన్ని అక్కడికక్కడే వెనక్కి తిప్పి చూస్తారు. తర్వాత యాంప్లిఫయర్ దాకా పంపి తిప్పుతారు. చివరగా ఉపగ్రహం దాకా పంపి తెచ్చుకుంటారు. ఎక్కడ చెడిందో పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. తెలిసిన అంకెల వరుసను గంటల తరబడి పంపి, అవతల ఎన్ని బిట్లు తప్పుగా వచ్చాయో లెక్కిస్తారు. ఐదు నిమిషాల పరీక్షలో ఏ లింకైనా బంగారంలా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు మేడ మీది పెట్టె వేడెక్కినప్పుడు, రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు, తెల్లవారుజామున తేమ కనెక్టర్‌లోకి దిగినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే కనీసం ఒక రాత్రి, ఒక పగలు గడవాలి. చెన్నై లాంటి సముద్రతీర నగరంలో ఉప్పుగాలి రాగి కనెక్టర్‌ను తినేస్తుంది. అక్కడ చుట్టిన టేపు నాణ్యత మీదే లింకు ఆయుష్షు ఆధారపడి ఉండటం అతిశయోక్తి కాదు.

ఈ పనికి చెన్నైలో పాత చరిత్రే ఉంది. సొంత సమాచార ఉపగ్రహం లేని రోజుల్లో, 1977 నుంచి 1979 దాకా, ఇస్రో, తపాలా తంతి శాఖ కలిసి ఫ్రాన్స్, జర్మనీల సింఫనీ ఉపగ్రహంతో ‘స్టెప్’ అనే ప్రయోగం చేశాయి. ఢిల్లీ, అహ్మదాబాద్‌తో పాటు మద్రాసు భూకేంద్రం అందులో పాల్గొంది. టీవీ కార్యక్రమాల కోసం అమెరికా ఉపగ్రహంతో అంతకు ముందు చేసిన ‘సైట్’ ప్రయోగం అందరికీ గుర్తుంది. టెలిఫోన్, డేటా లింకులను పరీక్షించి, భారతీయ ఇంజనీర్లకు చేతిపట్టు నేర్పిన స్టెప్ మాత్రం పెద్దగా జ్ఞాపకాల్లో మిగలలేదు. అది న్యాయం కాదు. తర్వాత వచ్చిన ఇన్సాట్ వ్యవస్థను నడిపిన చేతులకు అక్కడ అలవడిన పని ఎంతో ఉంది.

ఆ తర్వాతి అంకం ఆపిల్. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్లిన భారతదేశపు తొలి ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం అది. ఎడ్లబండి మీద కూర్చోబెట్టిన ఉపగ్రహం ఫొటో ప్రపంచమంతా చూసింది. పేదరికానికి గుర్తుగా ఆ ఫొటోను చూపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది ఒక పరీక్ష ఫొటో. ఉపగ్రహం యాంటెన్నా ఎలా పనిచేస్తుందో ఆరుబయట కొలవాలి. ఉక్కు లారీ మీద పెడితే లోహం రేడియో తరంగాలను వెనక్కి కొట్టి కొలతలను తారుమారు చేస్తుంది. కర్రతో చేసిన బండి ఆ పని చేయదు. ఖరీదైన ప్రయోగశాల కట్టించే వ్యవధి లేనప్పుడు, సమస్య ఏమిటో సరిగ్గా అర్థం చేసుకున్న ఇంజనీర్లు దొరికిన వస్తువులతోనే సరైన పరీక్ష చేశారు. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఆర్.ఎం. వాసగం. తర్వాతి కాలంలో ఆయన చెన్నై అన్నా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు.

ఆపిల్ కక్ష్యలోకి చేరాక ఒక సౌరపలక విచ్చుకోలేదు. చేతిలో ఉన్న సగం కరెంటుతో, ఒకవైపు వేడెక్కే చిక్కును సర్దుకుంటూ రెండేళ్లకు పైగా దాన్ని నడిపారు. ఏ భాగం ఎంతకు తట్టుకుంటుందో ముందే కొలిచి రాసిపెట్టుకోకపోతే అలాంటి సర్దుబాటు ఎవరివల్లా కాదు.

అన్నా విశ్వవిద్యాలయంలో ఉపగ్రహం మాట అక్కడితో ఆగలేదు. 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ12 రాకెట్ రిశాట్-2తో పాటు అనుశాట్ అనే 40 కిలోల చిన్న ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. ఇస్రో సహకారంతో ఒక భారతీయ విశ్వవిద్యాలయం రూపకల్పన చేసి నిర్మించిన తొలి ఉపగ్రహం అది. దాన్ని గమనించే భూకేంద్రాన్ని చెన్నై క్రోంపేటలో ఆ విశ్వవిద్యాలయానికే చెందిన ఎంఐటీ ప్రాంగణంలో పెట్టారు. అనుశాట్ పని సూటిగా ఉండేది. ఒకచోట సందేశాన్ని అందుకుని దాచుకోవాలి, ఇంకోచోటికి వచ్చినప్పుడు దించాలి.

ఇలాంటి ఉపగ్రహాన్ని పరీక్షించడం వేరే విద్య. జీశాట్ ఒకచోట నిలబడి కనిపిస్తుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయే అనుశాట్ క్రోంపేట ఆకాశంలో ఒకసారి కనిపిస్తే పది, పన్నెండు నిమిషాలకు మించి ఉండదు. వస్తున్నప్పుడు దాని ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కువగా, వెళ్తున్నప్పుడు కాస్త తక్కువగా వినిపిస్తుంది. యాంటెన్నా దాన్ని వెంబడించి తిరగాలి, రిసీవర్ ఆ మార్పును వెంటాడాలి. ఆదేశం వెళ్లాలి, జవాబు రావాలి. కేబుల్ వదులైందని తెలిసేసరికి ఉపగ్రహం ఆకాశం దాటిపోతుంది. అందుకే భూకేంద్రంలోని ప్రతి భాగాన్నీ ఉపగ్రహం లేకుండానే, కృత్రిమ సంకేతాలతో, ముందే పదేపదే పరీక్షించి ఉంచాలి. 2012 ఏప్రిల్‌లో అనుశాట్ వాతావరణంలోకి దిగి కాలిపోయింది. ఆ వరుసలోనే చెన్నై చుట్టుపక్కల ఎస్ఆర్ఎం విశ్వవిద్యాలయం వారి ఎస్ఆర్ఎంశాట్ 2011 అక్టోబరు 12న, సత్యభామ విశ్వవిద్యాలయం వారి సత్యభామాశాట్ 2016 జూన్ 22న కక్ష్యలోకి వెళ్లాయి. మూడూ ఎగిరింది మన శ్రీహరికోట నుంచే.

ఉపగ్రహం పైకి చేరాక దాని కమిషనింగ్ వేరే ఉంటుంది. పలకలు విప్పాలి, యాంటెన్నాలు తెరవాలి, ఒక్కో ట్రాన్స్‌పాండర్‌నూ కర్ణాటకలోని హసన్ మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ నుంచి కొలిచి చూడాలి. అందులో ఓటమి ఎలా ఉంటుందో ఇన్సాట్-1ఏ చూపింది. 1982 ఏప్రిల్ 10న వెళ్లిన ఆ ఉపగ్రహం విప్పుకోవడంలోనే చిక్కులు ఎదుర్కొని, చివరికి దిశను నిలబెట్టే ఇంధనం అయిపోవడంతో ఆ సెప్టెంబరులోనే చేజారింది. మరుసటి ఏడాది ఆగస్టు 30న చాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన ఇన్సాట్-1బీ కూడా మొదట సౌరపలక విప్పలేదు. హసన్ ఇంజనీర్లు రోజుల తరబడి ప్రయత్నించి సెప్టెంబరు మధ్యలో దాన్ని విప్పించారు. అక్టోబరులో అది సేవలోకి వచ్చింది. 1980లలో మన ఊళ్లలో దూరదర్శన్ అంత వేగంగా విస్తరించిందంటే అందుకు ఆ సెప్టెంబరు రోజుల్లో పట్టు వదలనివాళ్లు కూడా కారకులు.

పరీక్ష కోసం వెనక్కి రావడానికి సిగ్గుపడకూడదనే మాటకు 2018 మంచి సాక్ష్యం. ఆ ఏడాది మార్చి 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-6ఏతో రెండు మూడు రోజుల్లోనే సంబంధం తెగిపోయింది. అప్పటికే జీశాట్-11 ప్రయోగం కోసం సముద్రాలు దాటి కౌరూ చేరి ఉంది. ఇస్రో దాన్ని మళ్లీ బెంగళూరుకు తెప్పించి, మరిన్ని పరీక్షలు చేసి, 2018 డిసెంబరు 5న పంపింది. 5,854 కిలోల ఆ ఉపగ్రహం అప్పటికి ఇస్రో కట్టినవాటిలో అత్యంత బరువైనది. ప్రయోగం వాయిదా పడిందని అప్పట్లో కొందరు నిట్టూర్చారు. దారి మధ్యలోంచి వెనక్కి పిలిపించడానికి రాకెట్ ఎక్కించడానికి కావాల్సినంత ధైర్యమే కావాలి.

మళ్లీ చెన్నైకి. ఇక్కడి వాతావరణం ప్రతి లింకునూ ఏటా కొత్తగా పరీక్షకు పెడుతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. సీ-బ్యాండ్ తరంగాల పొడవు వానచుక్కతో పోలిస్తే చాలా పెద్దది కాబట్టి వానను లెక్కచేయదు. 12, 14 గిగాహెర్ట్జ్‌ల కేయూ-బ్యాండ్ దెబ్బతింటుంది. కేఏ-బ్యాండ్ ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది. ఇంట్లో డీటీహెచ్ వాడేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబరు 1, 2 తేదీల నడుమ తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. నగరం మునిగింది, విమానాశ్రయం మూతపడింది, ఫోన్లు మూగబోయాయి. మరుసటి డిసెంబరు 12న వర్ధా తుపాను తీరం దాటి చెట్లను, స్తంభాలను కూల్చింది. ఉపగ్రహ లింకు మీద ఆశ పెట్టుకునేది సరిగ్గా అలాంటి రోజునే. పొడి రోజున పరీక్షించి సంతకం పెట్టిన లింకులో వాన కోసం ఎన్ని డెసిబెల్ మిగులు ఉంచారు, సంకేతం తగ్గినప్పుడు శక్తి తనంతట పెరిగి వాన ఆగాక తగ్గుతుందా లేదా అన్నది ముందే కృత్రిమంగా సంకేతాన్ని తగ్గించి చూడాలి. గాలికి డిష్ అర డిగ్రీ జరిగినా, నిలబడే ఉంది కదా అని వదలకూడదు. గురి, పోలరైజేషన్ మొదటి నుంచి మళ్లీ చూడాల్సిందే.

సూర్యుడు కూడా ఏటా రెండుసార్లు పరీక్ష పెడతాడు. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర, కొన్ని రోజుల పాటు మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో సూర్యుడు చెన్నై డిష్ చూపులో సరిగ్గా 83 డిగ్రీల ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడు తానే పెద్ద రేడియో రొద. కొన్ని నిమిషాలు సంకేతం మునిగిపోతుంది. దీనికి మందు లేదు. కాని తేదీలు, వేళలు ముందే లెక్కకు అందుతాయి. కమిషనింగ్ రిపోర్టుతో పాటు ఆ పట్టిక కూడా అందించే సంస్థ తన వాడకందారును గౌరవించినట్టే. లేకపోతే ప్రతి మార్చిలోనూ ఎవరో ఒకరు మంచి పరికరాన్ని విప్పి రిపేరు మొదలుపెడతారు.

చెన్నై ఉపగ్రహ లింకుల అవతలి కొసలో ఎక్కువ కాలం ఎదురుచూసినది అండమాన్. 2002లో ఇస్రో పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రిని చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల ఆసుపత్రితో కలిపింది. ఆ దీవుల ఫోన్లు, ఇంటర్నెట్ దశాబ్దాల పాటు ఉపగ్రహం మీదే నడిచాయి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక భారం దిగింది. అలాగని డిష్‌లను విప్పి పక్కన పెట్టేసే పరిస్థితి లేదు. సముద్రం అడుగున కేబుల్ తెగితే ఓడ వెళ్లి బాగుచేసే దాకా దిక్కు ఆకాశమే. రోజూ వాడని లింకును రోజూ వాడేదానిలా పరీక్షిస్తూ ఉండటం ఖర్చుతో, విసుగుతో కూడిన పని. బడ్జెట్ కోతలు మొదట పడేది కూడా అక్కడే. పడకూడదు.

డిష్ లేని ఉపగ్రహ లింకు కూడా ఒకటి ఈ తీరంలో ఉంది. కాసిమేడు నుంచో, పులికాట్ అవతల మన నెల్లూరు తీరం నుంచో సముద్రంలోకి వెళ్లే పడవ కోసం ఇస్రో తయారుచేసిన ‘డాట్’ అనే ప్రమాద హెచ్చరిక పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. ఊగే పడవ మీద గురిపెట్టడం కుదరదు కనుక దాని చిన్న యాంటెన్నా ఆకాశమంతటినీ ఒకేలా చూస్తుంది. ఆపదలో మీట నొక్కితే పడవ ఎవరిది, ఎక్కడుంది అన్నది ఉపగ్రహం మీదుగా ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కు, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్ సహాయ సమన్వయ కేంద్రాలకు చేరుతుంది. తూర్పు తీరానికి అలాంటి కేంద్రం చెన్నైలోనే ఉంది. 2024 జనవరి నాటికి 20 వేలకు పైగా డాట్‌లు పడవల మీద ఉన్నాయని ఇస్రో చెప్పింది.

మొదటి తరం డాట్‌లో సందేశం వెళ్లేదే గాని, అందిందన్న కబురు తిరిగి రాదు. మీట నొక్కిన మనిషి చీకట్లో అలల మీద ఏ సంగతీ తెలియక కూర్చోవాలి. పరీక్ష బల్ల మీద చూస్తే అది నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న లింకే. పడవలోని మనిషికి మాత్రం అది సగం లింకు. 2024లో ఇస్రో తెచ్చిన రెండో తరం డాట్-ఎస్‌జీలో మన సొంత స్థాననిర్ధారణ ఉపగ్రహ వ్యవస్థ అయిన నావిక్ రిసీవర్ చేర్చారు. కేంద్రం అందుకున్న వెంటనే జవాబు పరికరానికి తిరిగి వస్తుంది. ఫోనుకు బ్లూటూత్‌తో కలుపుకుంటే సందేశాన్ని సొంత భాషలో చదువుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు రేవులో ఈ పరికరాన్ని బిగించేవాడు సంకేతం పైకి వెళ్లిందా అని చూసి ఊరుకుంటే సరిపోదు. జవాబు తెర మీద కనబడే దాకా పడవ దిగకూడదు.